పాలరాతి మీద ఎర్రనీళ్ళు

“నూనెలో ఏం కలిపావు?” అని కొడుకు అడగడం అది మూడోసారి.

“ఏమీ కలపలేదని చెప్పానుగా,” అని కోడలు చెప్పడం కూడా మూడోసారే.

భోజనాల బల్ల మీద, ఉప్పుడబ్బాకీ నీళ్ళజగ్గుకీ మధ్య, తడి తువ్వాలు ఒకటి పడివుంది. నిన్నటిదాకా అది తెల్లది. ఇప్పుడు సగానికి పైగా ఇటుకరంగు. పొద్దున్నే కొడుకు పళ్ళడాక్టరమ్మ మేడ ఎక్కి, ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉండగా, నేల తుడిచి తెచ్చిన తువ్వాలది. రాత్రి ఈ ఏటి మొదటి వాన పడింది. తెల్లారి డాక్టరమ్మ డాబా తలుపు తీసేసరికి, మొన్నే కొన్న ఆరు కుర్చీల కిందా బల్ల కిందా పాలరాతి నేలంతా ఎర్రటి మడుగులు. ఎవరినో చంపేశారనుకుని ఆవిడ కేక పెడితే, కింది వాటాలో వాళ్ళు పైకి పరిగెత్తుకొచ్చారట.

“టేకు కూడా మొదటి వానకి కాస్త రంగు వదుల్తుంది,” అంది కోడలు. “కానీ అది పలచటి టీ రంగులో ఉంటుంది, రెండుసార్లు నీళ్ళు కొడితే పోతుంది. ఇంత ఎరుపు నూనె వల్ల రాదండీ. అదే డబ్బాలో నూనె బడి తోటలో బెంచీలకీ పూశాను. అక్కడా వాన పడిందిగా, వెళ్ళి చూసి రండి.”

“అక్కడ కింద మట్టి. మట్టి మీద ఎరుపు ఎవడికి కనిపిస్తుంది?”

“అయితే తప్పు కర్రలో ఉండాలి.”

కొడుకు గబుక్కున తండ్రి వంక చూశాడు.

ఆ ఇంట్లో ఎవరైనా ఏమైనా అనొచ్చు, కర్ర తప్పు అని మాత్రం అనకూడదు. కర్ర ఎంచేది మావగారు. ఎండకీ వానకీ ఆరుబయట పడుండాల్సిన కుర్చీలూ బెంచీలూ చేసే షెడ్డు ఆయనది. పెట్టి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, ముక్కుమేస్త్రి అనే అంటారు. డిపో నుంచి టేకు లోడు వస్తే ప్రతి పలక చివరా చిన్న చిత్రికతో ఒక పొర తీస్తాడు. ఆ పొరని గుప్పిట్లో నలిపి, దాని మీద నోటితో వెచ్చగా ఊది, కళ్ళు మూసుకుని వాసన చూస్తాడు. టేకైతే నీలం సుద్దతో గీత. కాకపోతే వచ్చిన లారీలోనే వెనక్కి. రంగు మోసం చేస్తుంది, బరువు మోసం చేస్తుంది, డిపోవాడి సంగతి సరేసరి, వాసన మాత్రం అబద్ధం చెప్పదు అంటాడు. నీలంగీత పడ్డాక ఆ పలకని మళ్ళీ పరీక్షగా చూసే అలవాటు షెడ్డులో ఎవరికీ లేదు.

ఆ ముక్కుమేస్త్రి ఇప్పుడు గోడవార కుర్చీలో కూర్చుని తువ్వాలు వంక చూస్తున్నాడు. పొద్దుటినుంచీ నోరు మెదపలేదు.

“విన్నావురా? కర్రదట తప్పు!” వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి అంది అత్తగారు. మోకాళ్ళ నెప్పుల వల్ల ఆవిడ ఎక్కడ నిలబడ్డా ఏదో ఒకటి పట్టుకునే నిలబడుతుంది. “నాలుగేళ్ళ నాడు నూనెగది నీ చేతికిస్తున్నప్పుడే అన్నాను, ఆ జిడ్డూ ఆ కంపూ నీకెందుకే, ఇంటిపట్టున ఉండమని. విన్నావా? ఇవాళ అందరికీ తల తీసి మొలేసినట్టు చేశావు. రేపట్నుంచి నువ్వు షెడ్డుకి వెళ్ళక్కర్లేదు. నూనె ఎవరైనా పూస్తారు.”

నూనె ఎవరైనా పూస్తారు! కోడలికి ఆ మాట మిగతా తిట్లన్నిటికంటే లోతుగా దిగింది. ఉప్పుకాగితం పట్టి పట్టి ఆమె వేళ్ళ చివర గీతలు అరిగిపోయాయి. ఆ షెడ్డు నుంచి బయటికెళ్ళే ప్రతి కుర్చీకీ ఆమె చేతిరాతతో ఒక చీటీ కట్టి ఉంటుంది. కాళ్ళు తడినేల మీద నానకుండా చూసుకోమని, మెత్తటి బ్రష్షుతో సబ్బునీళ్ళు పెట్టి నార వెంబడే తోమమని, పైపుతో జోరుగా నీళ్ళు కొట్టొద్దని, ప్లాస్టిక్ పట్టా బిగించి ఊపిరాడకుండా చెయ్యొద్దని. బూడిదరంగుకి తిరిగితే గాబరా పడొద్దని కూడా రాస్తుంది, అది కర్ర నెరవడమే గాని జబ్బు కాదు. అసలు టేకుకి నూనె అక్కర్లేదని డాక్టరమ్మకి కూడా చెప్పింది. “ఒకసారి పూస్తే ఏటేటా పూస్తూనే ఉండాలి, అడుసు తొక్కనేల కాలు కడగనేల,” అంది. ఆవిడకి కుర్చీలు బంగారంలా మెరవాలట. పూయించుకుంది. ఇప్పుడు ఆ నూనే మెడకి చుట్టుకుంది.

“డాక్టరమ్మ ఏమందో అది కూడా చెప్పు,” అంది కోడలు భర్తతో.

కొడుకు తువ్వాలు మడతపెట్టబోయి, చేతికి రంగు అంటుతుందని ఆగాడు. “నాలుగింటికి షెడ్డుకొస్తుందట. ఒక స్టూలు కార్లో వేసుకొస్తానంది. ‘మా నాన్న మీ నాన్న దగ్గర కొన్న బెంచీ ఇరవై రెండేళ్ళుగా పెరట్లో ఉంది, ఇప్పటికీ కిర్రుమనదు. నాకు కాగితాలూ కబుర్లూ వద్దు. మీ నాన్న నా ఎదురుగా వాసన చూసి టేకంటే టేకే, కాదంటే కాదు,’ అంది.”

అందరూ గోడవైపు చూశారు. ముక్కుమేస్త్రి లేచాడు. “తలనొప్పిగా ఉంది. నాలుగింటికి వస్తాలే,” అని లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

*

రావద్దన్నది రేపట్నుంచి కదా, ఇవాళ్టికి నూనెగది నాదే అనుకుని కోడలు షెడ్డుకి వెళ్ళింది. ఇంటికి రెండు వీధులవతల.

ఆమెకో అలవాటుంది. ఏ పని మొదలైనా, రంపం కింద తెగిపడ్డ ముక్కలు నాలుగు తెచ్చి, ఎవరి పనో రాసి అరలో పెట్టుకుంటుంది. వాటి మీద నూనె పూసి చూశాకే సామాను మీద చెయ్యి వేస్తుంది. డాక్టరమ్మ పని తాలూకు ముక్కలు నాలుగూ ఇంకా అరలోనే ఉన్నాయి. ఒకవైపు నూనె పూసి ఉంది. ఆ వైపు కోసేసి, మిగిలిన పచ్చి చెక్కని నాలుగు గిన్నెల నీళ్ళలో వేసి, స్టూలు మీద కూర్చుంది. చుక్క నూనె లేదు. నీళ్ళూ చెక్కా, అంతే.

అరగంట గడిచింది. రెండు గిన్నెల్లో నీళ్ళు పలచటి టీ రంగుకి తిరిగాయి. మిగతా రెంటిలో, చెక్క అంచుల నుంచి ఎరుపు దారాల్లా దిగి, కింద మడుగు కట్టింది. ఆ రెంటిలో ఒకదాని మీద నీలంగీత సగం ఇంకా కనపడుతూనే ఉంది.

తప్పు నూనెది కాదని తేలినందుకు సంతోషించాలి కదా. సంతోషం రాలేదు. గిన్నెలోంచి ముక్క తీసి, తుడిచి, చిత్రికతో పొర లాగి వాసన చూసింది. టేకుకి కొత్త చెప్పుల దుకాణంలో ఉండేలాంటి వాసన ఉంటుంది, జిడ్డుగా, కాస్త ఘాటుగా. దీనికి అదేం లేదు. తడిసిన గోనెసంచి వాసన.

లోడు దిగిన రోజు కొడుకు అన్నమాట అప్పుడు గుర్తొచ్చింది. “ఈ పలకలు కొన్ని బరువుగా ఉన్నాయి నాన్నా.” దానికి ముక్కుమేస్త్రి, “ముదురుచెట్టు, చేవ ఎక్కువ,” అన్నాడు. అందరూ ఒప్పేసుకున్నారు. తనూ పక్కనే ఉంది, కారియర్ పట్టుకుని.

నలభై అడుగుల దూరం నుంచి ఏ చెక్కో చెప్పే మనిషి గుప్పిట్లో పెట్టుకుని కూడా దీన్ని ఎలా వదిలాడు? ముక్కని గుడ్డలో చుట్టుకుని ఆమె ఇంటికి బయల్దేరింది. మావగారికి చూపించి అడగాలి. అడిగితే ఆయనే చెప్తాడు. కసురుకుంటాడేమో గాని అబద్ధమాడడు.

*

వీధి మలుపు దగ్గరే మాడు వాసన తగిలింది. ఎవరింట్లోనో పాలు మాడుతున్నాయి, ఇంత కంపు కొడుతుంటే ఎవరూ చూసుకోరేమిటి అనుకుంది. గేటు తీశాక గాని అది తమ ఇల్లేనని తెలియలేదు.

పరిగెత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద గిన్నె నల్లబడిపోయి పొగలు కక్కుతోంది. దానికి రెండడుగుల దూరంలో, పొయ్యికి వీపు పెట్టి, చిన్నబల్ల దగ్గర కూర్చుని ముక్కుమేస్త్రి పేపరు చదువుతున్నాడు. తాపీగా పేజీ తిప్పాడు.

ఆమె ఒక్క అంగలో వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. గిన్నె సింకులో పడేసింది. చుర్రుమంది.

“ఏంటమ్మా ఆ పరుగు?” తల తిప్పి అడిగాడాయన. అప్పుడు పొగ చూశాడు. గిన్నె చూశాడు. ఆ తర్వాత కోడలి మొహం చూశాడు.

ఆమె కిటికీలు తెరిచింది. కళ్ళు మండుతున్నాయి, పొగకో మరి దేనికో.

“మావయ్యా, మీకు వాసన...”

ముక్కుమేస్త్రి పేపరు మడిచాడు. దాన్ని ఇంకోసారి మడిచాడు. ఇంకోసారి మడిచాడు. ఇక మడవడానికి లేకపోయాక, “రెండేళ్ళయింది,” అన్నాడు. “ఆ జ్వరం తర్వాత ఇక రాలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకున్నా.”

ఇల్లు నిలబడ్డ స్తంభం లోపల డొల్ల అని చెప్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆమెకి. రెండేళ్ళు! ఎన్ని లోడ్లు దిగాయి, ఎన్ని పలకల మీద గీతలు పడ్డాయి! ఆ గీతలు చూసి ఎంతమంది తృప్తిగా తలూపి వెళ్ళిపోయారు!

“మరి రెండేళ్ళనుంచీ ఒక్క పలక కూడా తప్పు పోలేదే? కిందటేడు మూడు పలకలు వెనక్కి పంపారు. డిపోవాడు కాళ్ళబేరానికొచ్చి ఒప్పుకున్నాడు కూడా. అదెలా?”

ఆయన జవాబు చెప్పేలోగా పెరటి గుమ్మంలో బట్టల బుట్ట దించిన చప్పుడయింది. అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ గిన్నె వంక చూడలేదు.

“దానికి తెలిసిపోయిందా?” అని మొగుణ్ణి అడిగింది.

“మీకూ తెలుసా అత్తయ్యా?”

“నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందే? ఇన్నాళ్ళూ వాసన చూసింది నేనే కదా.”

అప్పుడు ఆవిడ చెప్పింది. మెల్లగా, తడి బట్టలు ఒక్కొక్కటే విదిలించి మళ్ళీ బుట్టలోనే వేస్తూ. లోడు ఎప్పుడొచ్చినా మధ్యాహ్నం కారియర్ వచ్చేదాకా దించనివ్వడు ముక్కుమేస్త్రి. ‘కడుపు నిండితేనే ముక్కు నిజం చెప్తుంది’ అంటాడు. అందరూ నవ్వుతారు. కారియర్ తెచ్చేది ఆవిడ. ఆయన పొర తీస్తాడు, నలుపుతాడు, ఊదుతాడు, కళ్ళు మూసుకుంటాడు, ఆ పొర ఆవిడ చేతికిస్తాడు. బీరువాలో బట్టలకి పురుగు పట్టకుండా టేకు పొరలు వేసుకుంటుందని ఆవిడ చేతిలో గుడ్డసంచి. పొర సంచిలో వేస్తే టేకు. కింద పడేస్తే కాదు. అంతా చూస్తుండగానే జరిగేది. ఈ వయసులో ఏం ముచ్చటరా అని షెడ్డులోవాళ్ళు వేళాకోళాలు కూడా ఆడేవాళ్ళు.

ఆ సంచి ఇప్పుడు మోస్తున్నది కోడలు.

మూడు నెలల కిందట, ఈ మోకాళ్ళతో ఎండలో ఎందుకు అత్తయ్యా అని కారియర్ లాక్కున్నది తనే. పెద్దావిడ చేత మోయిస్తున్నానని నలుగురూ నన్నంటారు అని పోట్లాడి మరీ లాక్కుంది. ‘సరే, పొరలు మాత్రం తే,’ అని సంచి చేతికిచ్చింది అత్తగారు. ఆ తర్వాత దిగింది ఒక్క లోడే. డాక్టరమ్మ లోడు. ఆ రోజు మావగారు ఒక్కో పొరా తన చేతిలో పెట్టి, తన మొహం వంక ఆగి ఆగి చూశాడు. ఎందుకలా చూస్తున్నాడో తెలియక తను నవ్వింది. నవ్వుతూ అన్నీ సంచిలో వేసింది. పొద్దంతా నూనెలో నానిన చేతులు, ముక్కు నిండా నూనె కంపు, వాసన చూడాలన్న ఆలోచనే రాలేదు.

“మీరు దానికి చెప్పలేదా?” అత్తగారి గొంతు హఠాత్తుగా లేచింది. “సంచి ఇచ్చి పంపిస్తే, గుర్తు సంగతి మీరు చెప్పారనుకున్నాను!”

“నేనెక్కడ చెప్పను? సంచితో వచ్చిందంటే నువ్వే చెప్పి పంపావనుకున్నాను.”

“మీ ముక్కు సంగతి నేను నా నోటితో కోడలికి చెప్తానా?”

“మరి నేను చెప్తానా?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నలభై ఏళ్ళ కాపురంలో ఒకరి మనసులో మాట ఒకరికి చెప్పకుండానే తెలుస్తుందన్న ధీమా వాళ్ళది. ఆ ధీమాయే కొంప ముంచింది.

కోడలు గదిలోకి వెళ్ళి, బీరువాలోంచి గుడ్డసంచి తెచ్చి బల్ల మీద బోర్లించింది. పొరలన్నీ చుట్టలు చుట్టుకుని పడ్డాయి. ఒక్కొక్కటీ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తొమ్మిదోది గోనెసంచి. పద్నాలుగోది కూడా. పదిహేనోది కూడా. ఆమె చేత్తో ఆమే వేసినవి.

“తువ్వాలు చూడగానే మీకు తెలిసిపోయింది, కదా మావయ్యా?” అంది వాటి మీంచి కళ్ళెత్తకుండా. “ఆయన నన్ను మూడుసార్లు అడిగారు. మీరు వింటూనే ఉన్నారు.”

ముక్కుమేస్త్రి తల దించుకున్నాడు. దొంగకి తేలు కుట్టినట్టు ఆయన పొద్దుటినుంచీ ఎందుకున్నాడో ఇప్పుడు అర్థమయింది. అర్థమైనకొద్దీ కోపం కంటే భయం ఎక్కువైంది ఆమెకి. ఈ మనిషిని తను నమ్మినంతగా తన కన్నతండ్రిని కూడా నమ్మలేదు.

అత్తగారు వచ్చి ఆమె పక్కన నిలబడి, ఆమె భుజం పట్టుకుంది. ఆసరాకి కాదు. “నూనెదే అనుకోనియ్యవే. నీకింకా బోలెడు వయసుంది. పోయిన పేరు రెండేళ్ళలో మళ్ళీ తెచ్చుకుంటావు. ఆయనకి ఆ ముక్కు తప్ప ఏముంది? అది కూడా లేదని తెలిస్తే ఏ మొహంతో వీధిలోకి వెళ్తారు? పొద్దున నిన్ను తిట్టింది నీ మీద కోపంతో అనుకుంటున్నావా?”

“నూనెదే అని నేను ఒప్పుకుంటే, మళ్ళీ ఆ గదిలోకి నన్ను రానిస్తారా అత్తయ్యా? మీ అబ్బాయి రానిస్తారా? ఆ డబ్బా ముట్టుకోనిస్తారా?”

అత్తగారు ఆమె భుజం మీద చెయ్యి తీయలేదు.

“ఆగవే,” అన్నాడు ముక్కుమేస్త్రి భార్యతో. లేచి నిలబడ్డాడు. చాలాసేపటికి ఆయన గొంతులో పాత బిగువు వినిపించింది. “దాన్ని బలిపెట్టి నేను మేస్త్రినని తిరగలేను. అమ్మాయీ, నాలుగింటికి నువ్వు సంచి పట్టుకుని రా. నేను పొర తీసి నీ చేతికిస్తాను. కింద పడెయ్యి. ‘కాదు’ అని నా నోటితో నేనే అంటాను. మరి గీత ఎలా పడిందంటే, ఆ రోజు తొందరలో పొరపాటు పడ్డానంటాను. ఒక్క పొరపాటుకి ముప్ఫై ఎనిమిదేళ్ళు పోవు. ముక్కు సంగతి మాత్రం వాడికి చెప్పకు. మాటిస్తావా?”

“మీరు మాటిస్తారా?”

“ఇచ్చాను.”

“అయితే నేనూ ఇచ్చాను,” అని కోడలు గుడ్డలో చుట్టిన ముక్కని తీసి బట్టల బుట్ట అడుగున దాచేసింది. గిన్నెల సంగతి భర్తకి చెప్పకూడదని నిశ్చయించుకుంది. మావగారి మాటే చాలనుకుంది.

*

డాక్టరమ్మ నాలుగుకి పది నిమిషాల ముందే వచ్చింది. మనిషి పొట్టి, నడక చురుకు. కార్లోంచి స్టూలు తనే దింపి, షెడ్డు మధ్యలో పెట్టింది.

“నాకు పళ్ళు పీకడం తెలుసు, కర్ర గురించి తెలీదు,” అంది ముక్కుమేస్త్రితో. “నోరు తెరవమంటే తెరుస్తారు, నా దగ్గరికొచ్చేవాళ్ళు నన్నంతగా నమ్ముతారు. నేను మిమ్మల్ని అలాగే నమ్మాను మేస్త్రిగారూ. చెప్పండి.”

రంపాలు ఆపేశారు. పనివాళ్ళు చేతులు దులుపుకుంటూ చుట్టూ చేరారు. కొడుకు స్టూలు తిరగేసి, నూనె తగలని చోటు వెతికి, కిందివైపు పట్టీ చూపించాడు. తండ్రి వైపు చూసే చూపులో గర్వం ఉంది. భార్య వైపు అసలు చూడలేదు.

కోడలు చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చింది. గుడ్డసంచి పట్టుకుని మావగారికి ఎడంపక్కన నిలబడింది. షెడ్డు గుమ్మం దగ్గర అలికిడైతే తిరిగి చూసింది. అత్తగారు. రెండు వీధులూ ఆ మోకాళ్ళతో నడిచి వచ్చింది. తలుపు పట్టుకుని రొప్పుతోంది.

ముక్కుమేస్త్రి చిత్రిక అందుకున్నాడు. ఆ చేతులు మాత్రం ఏమీ మరిచిపోలేదు. ఒక్క లాగుకి పొర తెగకుండా వచ్చి చుట్ట చుట్టుకుంది. గుప్పిట్లో నలిపాడు. వెచ్చగా ఊదాడు. కళ్ళు మూసుకున్నాడు. ఛాతీ నిండా గాలి పీల్చాడు. డాక్టరమ్మ తనకి తెలియకుండానే ఒక అడుగు ముందుకేసింది.

ఆయన కళ్ళు తెరిచి, పొర కోడలి చేతిలో పెట్టాడు. పెట్టి, ఆమె మొహం వంక చూశాడు. ఆ రోజు చూసినట్టే.

ఇప్పుడామెకి ఆ చూపు అర్థం తెలుసు. పొరని ముక్కు దాకా తేనక్కర్లేకపోయింది. తడిసిన గోనెసంచి. చెయ్యి చాపి, వేళ్ళు విప్పింది. పొర గాల్లో ఒకసారి తిరిగి నేల మీద, ఆయన చెప్పు పక్కన పడింది.

ఆయన దాన్ని చూశాడు. తప్పకుండా చూశాడు. పడ్డచోట ఒక్క క్షణం ఆయన కళ్ళు ఆగాయి. ఆ తర్వాత పైకి లేచి, చుట్టూ ఉన్న మొహాల మీదుగా వెళ్ళాయి. కొడుకు మొహం దగ్గర నిలిచిపోయాయి.

“టేకే,” అన్నాడు ముక్కుమేస్త్రి.

కోడలు తను సరిగా విన్లేదనుకుంది.

“అసలైన టేకు. కర్రకి ఏ దోషమూ లేదు డాక్టరమ్మా. పైపూతలో ఏదో తేడా జరిగింది. మా పిల్ల ఇంకా నేర్చుకుంటోంది.”

కొడుకు గట్టిగా ఊపిరి వదిలాడు. పనివాళ్ళు తలలూపారు. డాక్టరమ్మ ‘అలాగా’ అన్నట్టు కోడలి వైపు తిరిగింది. ఆవిడ చూపులో కోపం కూడా లేదు, జాలి ఉంది. నేర్చుకుంటోందట! మాటిచ్చిన మనిషి మూరెడు దూరంలో నిలబడి చిత్రిక బ్లేడు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. ఆమె వైపు చూడడం లేదు. నోరు తెరిచింది గాని, తను కూడా మాటిచ్చింది.

అప్పుడు గుమ్మం దగ్గర ఈడ్చే అడుగుల చప్పుడు వినిపించింది. అత్తగారు తలుపు వదిలేసి నడిచి వస్తోంది. దేన్నీ పట్టుకోలేదు. పనివాళ్ళు పక్కకి తప్పుకున్నారు. వచ్చి, మొగుడి ఎదురుగా నిలబడి, ఆయన మొహం వంక చూసింది. తను కింద పడేసిన పొరని ఆయన టేకనలేదు, ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా.

“ఏమే, నువ్వెందుకొచ్చావు?” అన్నాడాయన చిన్నగా.

ఆవిడ ఒక చెయ్యి మోకాలి మీద పెట్టి, పళ్ళ బిగువున, నేల దాకా వంగింది. కోడలు పట్టుకోబోతే మోచేత్తో తోసేసింది. పొర తీసుకుని, అంతే కష్టంగా లేచింది. దాన్ని సంచిలో వెయ్యలేదు.

“ఒరేయ్,” అని పిలిచింది కొడుకుని. “పుట్టినప్పట్నుంచీ ఈ షెడ్డులోనే పెరిగావు. నీకూ ఒక ముక్కుంది కదా. చూసి నువ్వు చెప్పు.”

“నాన్న చెప్పాక నేను చూసేదేంటమ్మా?” కొడుకు నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆపేశాడు.

ముక్కుమేస్త్రి చేతిలో బ్లేడు ఆగిపోయింది.

కొడుకు చెయ్యి చాపాడు.